తొట్టి వెనక పుదీనా

మా మామ వెంగయ్య ముఖం కడుక్కునే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. చెంబులో తువ్వాలు ముంచి, గట్టిగా పిండి, దాంతో నుదురూ బుగ్గలూ గడ్డమూ తుడుచుకుంటాడు. అంతటితో కడగడం అయిపోయినట్టే. స్నానం కూడా మెడ కిందినుంచే. తలతో ఆ తంటా కూడా లేకుండా ఎప్పుడూ గుండుతోనే ఉంటాడు. నేను కోడలిగా ఉదయగిరి వచ్చినప్పటినుంచీ ఇదే చూస్తున్నాను. పెద్దాయన పద్ధతి, మనకెందుకులే అని ఊరుకున్నాను. అప్పుడే కాస్త బుర్రపెట్టి ఆలోచించి ఉంటే, తొంభై ఐదు ఎండాకాలంలో నా నడుము నాకు మిగిలేది.

మేం బాప్టిస్టులం. మాలో చంటిబిడ్డ నుదుటిమీద నాలుగు చుక్కలు చల్లి పని కానివ్వడం ఉండదు. తెలివొచ్చిన మనిషి తానుగా ఒప్పుకుని, నీళ్లలో నిండా మునిగి లేవాలి. అట్లా బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం. మా మామ మునగలేదు. పెళ్లినాడు పాస్టరు అడిగితే "ముందు పెళ్లి కానివ్వండి, తర్వాత తీసుకుంటా" అన్నాడట. ఆ పెళ్లయి నలభై ఏళ్లు. రోడ్ల శాఖలో గ్యాంగు మేస్త్రీగా ఉన్నన్నాళ్లు సెలవు దొరకలేదన్నాడు. రిటైరయ్యాక ఆయాసమన్నాడు. డిసెంబర్లో చర్చి తొట్టి దగ్గరికి పిలిస్తే చలి అన్నాడు. సంగం ఊరిదాకా తీసుకుపోయి పెన్నేట్లో ఇప్పిస్తామంటే బస్సు పడదన్నాడు.

మా చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. మధ్యలో నడవ. మా అత్త రెబెకమ్మ ఆడవాళ్ల వరస చివర, నడవ పక్కనే కూర్చుంటుంది. మామ చోటు సరిగ్గా ఆమెకు ఎదురుగా, నడవకు అటుపక్క. రొట్టెముక్కల ప్లేటు ఆడవాళ్ల వరసంతా తిరిగి చివరికి అత్త చేతికొస్తుంది. ఆమె చేతిలోంచి నడవ దాటి మామ చేతికి పోవాలి. ఆ వేళకు మామ ఉండడు. "చెప్పులకు కాపలా పోతా ఉండా" అని లేచి బయటికి పోయి, మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తుంటాడు. అత్త లేచి నిలబడి, వంగి, ఖాళీ చోటు మీదుగా చెయ్యంతా చాచి అవతలి మనిషికి అందించేది. చర్చంతా చూస్తుండేది. ఆ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూడాలంటే నాకు మనసొప్పేది కాదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. మామ కాపలా ఉన్నన్నాళ్లు మా చర్చిలో ఒక్క చెప్పు పోలేదు.

ఒక ఆదివారం పాస్టరు డేవిడ్‌రాజు అయ్యగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఆ రోజు కూడా ప్లేటు దగ్గర అదే జరిగింది. అత్త కోడికూర వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె గిన్నెలో పడేసింది.

"అయ్యగారూ, ఈ మనిషిది గుండె కాదు, రాయి. నలభై ఏళ్లనించి ప్రార్థన చేస్తా ఉండాను, దేవా వీడి గుండె కరిగించు అని. కరగదే!"

మామకు అయ్యగారి ముందు పరువు పోయినట్టయింది. "నేనేమన్నా వద్దన్నానా? చన్నీళ్లు నాకు పడవు. ఆయాసం లేస్తాది. వేడినీళ్లయితే ఇప్పటికిప్పుడు మునుగుతా" అన్నాడు.

ఆ మాటతో గొడవ అయిపోయిందనుకుని ముద్ద కలుపుకుంటున్నాడు. అయ్యగారు ఎముక చీకడం ఆపారు.

"వాక్యంలో నీళ్లన్నాడు గాని, చన్నీళ్లని యాడా చెప్పలేదే" అన్నారు.

మా ఆయన దయాసాగర్ హైస్కూల్లో ఫిజిక్సు చెప్తాడు. ఎవరికైనా కష్టమొస్తే దానికి ఒక ప్రయోగం చెయ్యాలనిపించే రకం. ఎప్పుడో ఒక ఇంగ్లీషు పత్రికలో తెల్లవాళ్లు మొగుడూ పెళ్లాం పెరట్లో వేడినీళ్ల తొట్టిలో కూర్చుని నవ్వుతున్న బొమ్మ చూశాడు. అది ఆయన కళ్లల్లో వెలిగింది.

"నాయనా, దాన్ని హాట్ టబ్ అంటారు. మోకాళ్ల నొప్పులకి కూడా మంచిది. మన పెరట్లో కట్టేస్తా."

మామ చేతిలో ముద్ద నోటిదాకా పోయి ఆగిపోయింది.

మస్తానయ్య మేస్త్రీని పిలిచి పెరట్లో ప్రహరీ పక్కన తొట్టి కట్టించారు. ఇటుకతో, సిమెంటుతో, నడుం లోతున. ఒకవైపు గోడకు ఆనుకుని రాగి బాయిలరు, కట్టెల పొయ్యి. బాయిలర్నుంచి ఒక ఇనప పైపు గోడలోంచి తొట్టిలోకి. అడుగున నీళ్లు వదలడానికి చెక్క బిరడా. పూత పూసి, ఆరబెట్టి, తడిపి, అంతా బ్రహ్మాండంగా కుదిరింది. అంతటితో వదిలేస్తే ఈ కథే లేదు.

మావాళ్లకొక జబ్బుంది. ఏది కట్టినా పాలరాయి పలక మీద పేరు చెక్కించి అతికించందే నిద్రపట్టదు. మా చర్చిలో గేటుకొక పలక, గంటకొక పలక. ఫ్యాన్ల రెక్కల మీద కూడా ఇచ్చినవాళ్ల పేర్లు రాసి ఉంటాయి. తిరిగేటప్పుడు చదవలేం, ఆగితే ఉక్కపోతకి చదవబుద్ధి కాదు. మా అత్త ఆత్మకూరు పోయి రెండు వేళ్ల మందాన పలక చెక్కించుకొచ్చింది. పైన "వెంగయ్య గారి బాప్తిస్మ జ్ఞాపకార్థము", దాని కింద తేదీ, అడుగున ఒక వాక్యం.

మామ అది చదివి ఉలిక్కిపడ్డాడు. "జ్ఞాపకార్థం ఏందే? నేనింకా చావలా!"

"చచ్చినాక ఎవురు ముంచుతారు నిన్ను?" అంది అత్త.

పలక తొట్టి లోపల, వెనక గోడకే ఉండాలంది. ఫోటోలో పడాలి కదా. మస్తానయ్య నెత్తి కొట్టుకుని, ఎండిన పూతంతా ఉలితో చెక్కి, గోడలో గుంట చేసి, నాలుగు ఇనప కొక్కేలు దిగ్గొట్టి పలక బిగించాడు. నీళ్లు నింపితే పలక సగం మునిగి, పేరున్న సగం పైకి కనిపిస్తుంది. అందరం చప్పట్లు కొట్టాం.

ఇక నీళ్లు. ఉదయగిరిలో ఎండాకాలం నీళ్లంటే మామూలు మాట కాదు. వీధి కొళాయికి ఒకరోజు వస్తే ఒకరోజు రావు. ట్యాంకరు వస్తే బిందెల యుద్ధం. నేనూ టీచర్నే, బడి సెలవుల్లో ఉన్నాను కాబట్టి ఆ యుద్ధానికి నన్నే సేనాపతిని చేశారు. "మాస్టారింట్లో నీళ్లు తాగుతారా, పోసుకుంటారా, ఏందిమే?" అని తిరుపాలమ్మ అడిగింది. మా మామను ముంచడానికని చెప్తే, పక్కింటామె అయినందుకు జాలిపడి ఒక బిందె వదిలిపెట్టింది.

పొద్దున్నుంచి మోసి నింపాం. బాయిలరు మూడుసార్లు కాగింది. తొట్టిలోంచి ఆవిరి లేస్తోంది. సాయంత్రం అయ్యగారు, సంఘపెద్ద జనార్దనయ్య, పాటల పుస్తకాలతో పదిమంది వచ్చారు. పాట అందుకుని పెరట్లోకి వెళ్లి చూస్తే నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి.

పాట ఆగిపోయింది.

"పడుకోబెట్టి ముంచుదాం" అన్నారు అయ్యగారు, వచ్చినందుకు ఏదో ఒకటి చెయ్యాలని.

జనార్దనయ్య మామ పొట్టవైపు ఒకసారి, నీళ్లవైపు ఒకసారి చూశాడు. "పొట్ట పైనుంటాదయ్యగారూ. పొట్ట మునగని బాప్తిస్మం బాప్తిస్మం కాదు."

"అయ్యో, పాపం, ఇంతమంది ఎండనపడి వచ్చినారే" అన్నాడు మామ. ఆ ముఖంలో అంత దుఃఖం నేనెప్పుడూ చూడలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. అత్త మాత్రం పోయి వంటింట్లో కూర్చుంది. వచ్చినవాళ్లకు టీ నేనే ఇచ్చాను.

మర్నాటినుంచి మా ఆయన లీకు మీద పడ్డాడు. ముందు ఆవిరైపోతోందేమో చూడాలన్నాడు. తొట్టి గట్టున ఒక బకెట్టు నిండా నీళ్లు పెట్టి, రెండింటికీ పెన్సిలు గీతలు గీశాడు. సాయంత్రానికి బకెట్టులో గీత దగ్గరే ఉన్నాయి, తొట్టిలో దిగిపోయాయి. "ఆవిరి కాదు" అని తేల్చాడు. ఆ సంగతి నా నడుముకి ముందే తెలుసు. తర్వాత బిరడా మీద పడ్డాడు. చుట్టూ మైనం కూరి, పక్కన నీలం సిరా చుక్కలు వేసి, బోర్లా పడుకుని సిరా ఎటు పోతుందో చూశాడు. సిరా ఎటూ పోలేదు, ఆయన బనీను మీదికి తప్ప.

మూడో ప్రయోగం మాత్రం తెలివైందే. నీళ్లు నింపి వదిలేశాడు. దిగినంత దిగి ఒకచోట ఆగాయి.

"చూడు సుధా, కన్నం కింద ఉంటే మొత్తం కారిపోవాల. మోకాలి దగ్గర ఆగినాయంటే కన్నం ఆ మట్టంలోనే ఉండాది. ఆ మట్టంలో ఏముంది? పైపు!"

నిజంగానే బాయిలరు పైపు మూతి ఆ మట్టంలోనే ఉంది. పైపు ఊడదీశారు. జనపనార చుట్టి, సఫేదా పూసి, సిమెంటు మెత్తి బిగించారు. నేను నీళ్లు మోశాను. నీళ్లు మోకాలి దాకా దిగాయి. మళ్లీ ఊడదీశారు. మళ్లీ మోశాను. మస్తానయ్య వచ్చి, "పైపులో ఏం లేదు సారూ, నన్ను చంపొద్దు" అని దండం పెట్టి పోయాడు. ఈలోగా అయ్యగారు రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ భోంచేసి వెళ్లారు. పలక మీద తేదీ పాతబడింది.

తొట్టి వెనక గోడకూ ప్రహరీకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. అటునుంచి చూస్తే ఏమైనా తెలుస్తుందని మా ఆయన ఒకసారి బయల్దేరాడు.

"పోబాకరా!" అని అరిచాడు మామ. "ఆడ కట్లపాము ఉండాది. నా కళ్లతో చూసినాను."

మా ఆయనకు ఫిజిక్సు వచ్చుగాని పాములంటే భయం. అక్కడే నిలబడిపోయాడు. "గోడ తడిగా ఉందేమో నువ్వు చూస్తావా నాయనా?"

మామ కర్ర తీసుకుని లోపలికి పోయి వచ్చాడు. "ఎండి పెళుసుగా ఉండాది" అన్నాడు.

అప్పటినుంచి ఆ సందులోకి మామ ఒక్కడే పోయేవాడు. ఖాళీగా ఎందుకని అక్కడ పుదీనా నాటాడు. రోజూ ఇంత కట్ట కోసుకొచ్చి అత్త ఒళ్లో పోసేవాడు. ఊరంతా ఎండి, మా మునగచెట్టు కూడా ఆకు రాలుస్తుంటే, మా ఇంట్లో పుదీనా పచ్చడి, పుదీనా చారు, పుదీనా అన్నం. "ఆయన చెయ్యి అట్టాంటిది" అని అత్త తిరుపాలమ్మకు గొప్పగా చెప్పుకునేది. మునగనందుకు తిట్టే నోటితోనే పుదీనాకు పొగిడేది.

ఒక పొద్దున మళ్లీ తొట్టి నింపి, బాయిలరు కాచి, అలసిపోయి కూర్చున్నాను. మామ గుండు చేయించుకోవడానికి మంగలి నరసింహ దగ్గరికి వెళ్లాడు. అత్త రోట్లో పచ్చిమిరపకాయలు వేసి, పుదీనా లేదని చూసుకుంది.

"ఆయనొచ్చేదాకా ఎట్టా? నువ్వుపోయి కోసుకురామ్మా. కర్ర తట్టుకుంటా పో."

కర్ర తట్టుకుంటూ పోయాను. సందులో అడుగుపెట్టగానే చీలమండ దాకా బురదలో దిగిపోయాను. బురద వెచ్చగా ఉంది. పుదీనా నా మోకాళ్ల ఎత్తున, మెడలో వేసుకునేంత కాడలతో, ముక్కు అదిరిపోయే వాసనతో పెరిగి ఉంది. ఆకులు పక్కకు తీసి గోడ మీద చెయ్యిపెట్టాను. గోరువెచ్చగా, నున్నగా, చెయ్యంతా తడి. ఆ తడికి అవతలివైపు ఏముంటుందా అని తల పైకెత్తి లెక్కేసుకున్నాను. పలక. మా అత్త పాలరాయి పలక, దాని కోసం పూత చెక్కి గోడకు దిగ్గొట్టిన ఇనప కొక్కేలు. పలక కింది అంచూ, పైపు మూతీ ఒకే మట్టంలో ఉన్నాయి. వాక్యం చెక్కిన రాయి కారుతుందని మాకెవరికీ తోచలేదు. పైపు మీద మాత్రం అందరం తలా ఒక చెయ్యి వేశాం.

పాము లేదు. పాము ఎప్పుడూ లేదు. నేను మోసిన నీళ్లన్నీ ఇక్కడికొచ్చి పుదీనా అయి, మళ్లీ నా కంచంలోకే వచ్చాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

మామ నిగనిగలాడే గుండుతో పెరటి గుమ్మంలో అడుగుపెట్టేసరికి, చేతిలో పుదీనాతో, కాళ్ల నిండా బురదతో ఎదురు నిలబడ్డాను.

"మామా, పాము కనపడింది."

"కనపడిందా?" కాస్త తడబడ్డాడు. "ఎంత పొడుగుండాది?"

"గుండు చేయించుకోని నా ముందర్నే నిలబడి ఉండాది."

మామ నా కాళ్లు చూశాడు. తువ్వాలు తీసి తల తుడుచుకున్నాడు. మెల్లగా తొట్టి మెట్టు మీద కూర్చున్నాడు.

"మీ అత్తకు చెప్పినావా?"

"ఇంకా లేదు. ఎందుకు చేసినావు మామా? మునగనని ఒక్కమాట చెప్పి ఉంటే పోయేది గదా. నా చేత ఇన్ని బిందెలు మోయిస్తావా?"

తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. తర్వాత నావైపు చూడకుండా అన్నాడు.

"తల నీళ్లలో పెడితే నాకు ప్రాణం పోతాదమ్మాయ్. పెళ్లికి ముందు, సీతారామపురం రోడ్డులో వాగు మీద చప్టా కడతా ఉండాం. కొండమీద వానపడి వాగు ఒక్కసారిగా వచ్చింది. నేనూ, నాతో పనిచేసే రోశయ్యా ఇద్దరం పడినాం. నా చెయ్యి పట్టుకోనే ఉన్నాడు వాడు. నేను లేచినాను, వాడు లేవలా. ఆ చెయ్యి ఎప్పుడు వదిలినానో నాకే తెలవదు. ఆనాటినుంచి ముఖాన చెంబుడు నీళ్లు పోసుకున్నా ఆ చెయ్యి మళ్లా తగల్తాది."

"అత్తకు తెలీదా?"

"ఎట్టా చెప్పేది? ముప్పైమంది మీద మేస్త్రీని. మేస్త్రీ చెంబుడు నీళ్లకు భయపడతాడని పెళ్లాంతో ఎట్టా చెప్పేది? దేవుడంటే లెక్కలేదనుకుంటే అనుకోనీలే అనుకున్నా. అదే నయం."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా పూర్తిగా పోలేదు, నడుము ఇంకా లాగుతూనే ఉంది కదా. "అత్తకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను.

"నువ్వే చెప్పు. నేను ఆత్మకూరు పోయి రేపొస్తా" అని గొడుగు తీసుకున్నాడు. గొడుగు లాక్కున్నాను.

అత్త రోటి దగ్గర కూర్చుని నేను చెప్పిందంతా వింది. పాము సంగతికి నవ్వలేదు, పలక సంగతికి కోప్పడలేదు. రోశయ్య పేరు వచ్చినప్పుడు మాత్రం రోకలి వదిలేసింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చి మామ ముందు నిలబడింది. ఆ నిలబడటం చూసి, కొడుతుందేమో అనుకున్నాను.

"ఏమయ్యా, నలభై ఏళ్లనించి దేవుణ్ణి వీడి గుండె కరిగించు, గుండె కరిగించు అని అడుగుతా ఉండానే. గుండె బాగానే ఉండాదంట గదా! భయం తియ్యి స్వామీ అని ఒక్కమాట అడిగుంటే ఎప్పుడో తీసుండేవాడు. ఇన్నేళ్లూ నా చేత తప్పు ప్రార్థన చేయించినావే నువ్వు!"

మామ తల వంచుకున్నాడు.

"నాకు నీ రక్షణ సంగతి తెలవదు. అది నీకూ దేవుడికీ. నాకు కావల్సింది ఒక్కటే. ఆ ప్లేటు నా చేతిలోనించి నీ చేతికి రావాల. ఖాళీ చోటు మీద వంగి వంగి నాకు సిగ్గయిపోయింది. ఒక్కసారన్నా నువ్వు ఆడ కూర్చోనుండి చెయ్యి చాపితే, అంతే చాలు నాకు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పచ్చడి లేదు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో ఉలి చప్పుడుకి లేచాను. ఖాళీ తొట్టిలో మామ మోకాళ్ల మీద కూర్చుని, పలక చుట్టూ సిమెంటు పగలగొడుతున్నాడు. నీళ్లు నిలవనీయకుండా తనను కాపాడిన ఒక్క కన్నాన్ని తన చేతులతోనే మూయడానికి కూర్చున్నాడు. ఆ పని ఆయన చేత ఎవరూ చేయించలేదు.

మా ఆయన నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చాడు. "నాయనా, ఆడ కాదు, లీకు పైపు దగ్గర."

"గోడ వెనక్కి పోయి చూసి రా పో."

"పాము..."

"పామును నిన్న మీ ఆవిడ పట్టుకునిందిలే."

మా ఆయన వెళ్లి, చూసి, బురద కాళ్లతో వచ్చాడు. ఏదైనా అంటాడేమోనని చూశాం. "మట్టం మాత్రం నేను చెప్పిందే" అన్నాడు.

పలక ఊడొచ్చింది. వెనకాల గుంట నిండా తడి, తుప్పుపట్టిన కొక్కేల చుట్టూ వేలు పట్టే కన్నాలు. మామ కొక్కేలు లాగేసి, ఇటుక ముక్కలు, చిక్కటి సిమెంటు కూరి, నున్నగా పూత పూశాడు. అది గట్టిపడేదాకా తడిగోనె కప్పి, ఎవర్నీ ముట్టనివ్వలేదు. తర్వాత నింపితే గీత దగ్గర నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. చుక్క కదల్లేదు. ఆ నీళ్లవైపు చూసి మామ ముఖం పాలిపోయింది.

"అయ్యగారికి కబురు పెడదామా?" అన్నాడు మా ఆయన.

"ఉండరా," అంది అత్త. "ముందు నేను చూసుకోవాల."

రోజూ ఎండ తగ్గాక ఇద్దరూ పెరటి తలుపు గడియ వేసుకునేవాళ్లు. ఏం చేస్తున్నారో తెలీదు. ఒకరోజు ఆరేసిన బట్టలు తీయాలని గోడవైపునుంచి తొంగిచూశాను. మామ లుంగీతో, అత్త పాత చీరతో, సగందాకా నింపిన వేడినీళ్లలో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. అత్త ఒక చేత్తో మామ ముక్కు పట్టుకుని, రెండో చేత్తో చెంబుతో గుండు మీద నీళ్లు పోస్తోంది. "నేనుండా, నేనుండా, నా చెయ్యే అది" అంటోంది. మామ కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు. తర్వాత ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. మా ఆయన పత్రికలో చూసిన బొమ్మలో లేనిదల్లా గుండూ చెంబూ మాత్రమే. బట్టలు తీయకుండానే తిరిగొచ్చేశాను.

బాప్తిస్మం నాడు ఈసారి నీళ్లు నడుందాకా నిలబడ్డాయి. అయ్యగారు తొట్టిలో దిగి చెయ్యి చాచారు. మామ మెట్టు మీద ఆగాడు.

"ముక్కు మా ఆడమనిషి పట్టుకుంటాది" అన్నాడు.

జనార్దనయ్యకు ఇది నచ్చలేదు. "ఆమెకు ఎప్పుడో అయిపోయింది గదా. రెండోసారి నీళ్లలో దిగేదేంది?"

"నాకు బాప్తిస్మం కాదబ్బా, నా మొగుడికి ముక్కు" అంది అత్త. అప్పటికే చీర కుచ్చిళ్లు దోపుకుని దిగిపోయింది. అయ్యగారు ఒకసారి ఆకాశంవైపు చూసి, వాక్యంలో దీనికీ అడ్డేమీ కనపడనట్టు తలూపారు.

మామ కళ్లు గట్టిగా మూసుకుని అత్త మణికట్టు పట్టుకున్నాడు. గుండు మునిగింది. ముఖం మునిగింది. జనార్దనయ్య వంగి చూసి, "పొట్ట కూడా మునిగింది" అని అందరికీ చెప్పాడు. లేవగానే ఉక్కిరిబిక్కిరై దగ్గి, చుట్టూ చూసి, "అయిపోయిందా?" అన్నాడు. పాట పాడాల్సినవాళ్లు నవ్వు ఆపుకోలేక రెండో చరణం నుంచి మొదలుపెట్టారు. పలకను ఎక్కడ పెట్టాలని మా ఆయన అడిగితే, బతికున్నవాడికి జ్ఞాపకార్థం ఏందిరా అని మామ దాన్ని పుదీనా మడికి గట్టుగా వేశాడు. లీకు పోయాక పుదీనా వాడిపోతోంది. అత్తే రోజూ ఒక చెంబుడు నీళ్లు పోస్తుంది.

మొదటి ఆదివారం వచ్చింది. ప్లేటు ఆడవాళ్ల వరసంతా తిరిగి అత్త చేతికి చేరింది. నేను ఆమె వెనకాలే ఉన్నాను. అలవాటు కొద్దీ ఆమె లేచి నిలబడి, వంగి, చెయ్యంతా చాచింది. అంత దూరం అక్కర్లేకపోయింది. మామ అక్కడే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో, రెండు చేతులూ చాచి. ప్లేటు రెండు చేతుల మధ్య కాసేపు అట్లాగే ఆగింది. అత్త వదల్లేదు, మామ లాగలేదు. చివరికి మామ ఒక రొట్టెముక్క తీసుకుని, గోరంత ఉన్న ఆ ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు. చర్చంతా వినపడింది. "దీనికా నలభై ఏళ్లు తిట్టినావు?"

"నోరు మూసుకోని తిను" అంది అత్త, కళ్లల్లోంచి ధారగా కారుతుంటే.

ఆరాధన అయ్యాక బయటికొస్తే అత్త కొత్త చెప్పులు లేవు. మెట్ల కిందా, తలుపు వెనకా అంతా వెతికాం. ఎవరో వేసుకుపోయారు. ఆ రోజు కాపలా లేదు కదా.

"చూసినారా? నేనున్నన్నాళ్లు ఒక్కటన్నా పోయిందా?" అన్నాడు మామ గొప్పగా. తర్వాత తన చెప్పులు విడిచి అత్త ముందర పెట్టాడు. ఎండకు రోడ్డు కాలిపోతోంది. అత్త ఆ పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ ముందు నడిచింది. మామ వెనకాల ఒంటికాలి మీద గెంతుతూ, నీడ కనపడినచోటల్లా ఆగుతూ, ఇంటిదాకా వట్టికాళ్లతోనే వచ్చాడు.